అప్‌స్ట్రీమ్ క్యూఎము బిల్డ్ నుంచి లిబ్‌వర్ట్ టెస్ట్ డేటా తీయడం ఎలా?

క్యూఎము వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రాం, లిబ్‌వర్ట్ దాన్ని అదుపు చేసే సాఫ్ట్‌వేర్. లిబ్‌వర్ట్ సోర్స్‌లో టెస్ట్స్ ఫోల్డర్ తెరిస్తే లోపల ‘క్యూఎము కేపబిలిటీస్ డేటా’ అనే ఫోల్డర్ ఒకటి ఉంటుంది. అందులో రిప్లైస్ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఒక్కో ఫైలూ వేల లైన్ల జేసన్. తొలిసారి చూసినవాళ్లకు ఇదంతా ఎవరు కూర్చుని రాశారబ్బా అనిపిస్తుంది. ఎవరూ రాయలేదు. లిబ్‌వర్ట్ ఒక క్యూఎము బైనరీని లేపి, నీకు ఏయే డివైజులు తెలుసు, ఏయే సీపీయూ మోడళ్లు ఇవ్వగలవు, ఏ కమాండ్‌కు ఏయే ఆర్గ్యుమెంట్లు తీసుకుంటావు అని వరసపెట్టి అడిగిన ప్రశ్నలు, వాటికి క్యూఎము చెప్పిన జవాబులు, అంతే. ఒకసారి జరిగిన సంభాషణను టేపు చేసి దాచుకున్నట్టు అన్నమాట. ఆ టేపు ఉంటే క్యూఎము అసలు ఇన్‌స్టాల్ చేయని మెషీన్‌లో, కేవీఎం (లినక్స్ కెర్నెల్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం) లేని సీఐ కంటైనర్‌లో, అంటే టెస్టులను ఆటోమేటిక్‌గా నడిపే చోట కూడా లిబ్‌వర్ట్ టెస్టులు నడుస్తాయి.

క్యూఎము ఏడాదికి మూడు రిలీజులు ఇస్తుంది, మామూలుగా ఏప్రిల్, ఆగస్టు, డిసెంబరు నెలల్లో. ప్రతి రిలీజుకూ ఈ టేపు కొత్తగా తీయాలి. రిలీజు రాకముందే, డెవలప్‌మెంట్ నడుస్తుండగా కూడా అప్పుడప్పుడూ తీస్తే సమస్యలు ముందే బయటపడతాయి. పని వినడానికి చాలా చిన్నది. బిల్డ్ చేయడం, ఒక టూల్ నడపడం, ఫైలు కమిట్ చేయడం. అయినా నేను మొదటిసారి పంపింది రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఎందుకొచ్చిందో ఆయా చోట్ల చెబుతాను.

ఇక్కడ కమాండ్లను, ఆప్షన్లను పేర్లతోనే చెబుతున్నాను. కచ్చితమైన స్పెల్లింగ్ కావాలంటే ఆ కమాండ్‌కు హెల్ప్ ఆప్షన్ ఇచ్చి చూసుకోండి, అన్నీ అక్కడే ఉంటాయి.

డిస్ట్రో ప్యాకేజీ జోలికి వెళ్లొద్దు

లినక్స్ డిస్ట్రో ఇచ్చిన క్యూఎము మెషీన్‌లో ఎలాగూ ఉంది కదా, దాన్నే అడిగితే పోలా అని ఎవరికైనా అనిపిస్తుంది. నేను చేసింది సరిగ్గా అదే. వర్షన్ నంబరు సరిపోయింది, ఫైలు వచ్చింది, టెస్టులన్నీ పాసయ్యాయి. రివ్యూ చేసినాయన ఒక్క లైను చూపించి, ఈ మెషీన్ టైపు ఎక్కడిది అని అడిగారు. మెషీన్ టైపు అంటే క్యూఎము అనుకరించే బోర్డు రకం. చూస్తే అది ఆ డిస్ట్రో తన వాడకానికి పెట్టుకున్న పేరు, అప్‌స్ట్రీమ్‌లో, అంటే క్యూఎము ప్రాజెక్టు అసలు సోర్స్‌లో వెతికినా దొరకదు.

పేరు ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. డిస్ట్రోలు తమకు అక్కర్లేని డివైజులను బిల్డ్ నుంచి తీసేస్తాయి. తర్వాతి వర్షన్లలో వచ్చిన ప్యాచ్‌లను వెనక్కి తెచ్చి పాత వర్షన్‌లో కలుపుతాయి. వాళ్ల దృష్టిలో అది సబబే, కస్టమర్లకు అదే కావాలి. కానీ టెస్ట్ డేటాగా మాత్రం అది అబద్ధం చెబుతుంది. ఫలానా వర్షన్‌కు ఈ ఫీచర్ వచ్చు అని ఫైలు అంటుంది, అసలు ఆ వర్షన్‌కు అది రాదు. రేపు ఎవరైనా ఆ ఫైలును నమ్మి కోడ్ రాస్తే, టెస్టుల్లో పాసవుతుంది, యూజర్ దగ్గర పేలుతుంది. అందుకే అప్‌స్ట్రీమ్ గిట్ నుంచి మన చేత్తో బిల్డ్ చేసిన బైనరీయే కావాలి.

సోర్స్ తెచ్చుకోవడం, కమిట్ ఎంచుకోవడం

క్యూఎము ప్రాజెక్టు రిపాజిటరీని గిట్‌తో క్లోన్ చేయండి. ఇక్కడ ఒక జాగ్రత్త. డౌన్‌లోడ్ తొందరగా అయిపోతుందని షాలో క్లోన్ (పాత చరిత్ర లేకుండా చివరి కమిట్లు మాత్రమే తెచ్చుకోవడం) చేయకండి. బిల్డ్ సమయంలో క్యూఎము ‘గిట్ డిస్క్రైబ్’ నడిపి, చివరి ట్యాగ్ ఏది, దాని తర్వాత ఎన్ని కమిట్లు వచ్చాయి, ప్రస్తుత కమిట్ ఐడీ ఏది అనే మూడింటినీ ఒక స్ట్రింగ్‌గా కలిపి బైనరీలో పెట్టుకుంటుంది. షాలో క్లోన్‌లో ట్యాగులు ఉండవు కాబట్టి ఆ స్ట్రింగ్ తయారవదు. ఆ స్ట్రింగే తర్వాత మన టెస్ట్ డేటాలో ‘ప్యాకేజ్’ అనే ఫీల్డ్‌లోకి వస్తుంది. ఆరు నెలల తర్వాత ఈ ఫైలు ఏ కమిట్ నుంచి తీశారు అని ఎవరైనా అడిగితే, జవాబు ఫైలులోనే ఉండాలి.

అదే స్ట్రింగ్‌కు ఇంకో గుణం ఉంది. సోర్స్ ఫోల్డర్‌లో మీరు ఒక్క లైను మార్చి కమిట్ చేయకుండా వదిలేసినా చివర ‘డర్టీ’ అనే మాట తగిలిస్తుంది. ఏదో డీబగ్ చేయడానికి నిన్న ఒక ప్రింట్ లైను పెట్టారనుకోండి, తీయడం మర్చిపోయారు. డేటా ఫైలులో డర్టీ అని కనబడగానే రివ్యూ చేసేవాళ్లు పట్టుకుంటారు. కాబట్టి బిల్డ్‌కు ముందే గిట్ స్టేటస్ ఒకసారి చూసుకోండి.

రిపాజిటరీ పైస్థాయిలో ‘వర్షన్’ అనే ఫైలు ఉంటుంది, తెరిస్తే ఒకే ఒక్క లైను. ఉదాహరణకు 9.1 రిలీజైన తర్వాత డెవలప్‌మెంట్ బ్రాంచిలో అది 9.1.50 అని కనబడుతుంది. చివర 50 ఉంటే డెవలప్‌మెంట్ నడుస్తోందని అర్థం. రిలీజ్ క్యాండిడేట్లు (రిలీజుకు ముందు పరీక్షకు ఇచ్చే వర్షన్లు) మొదలైతే 90, తర్వాత 91, అలా పెరుగుతుంది. అంటే 9.1.90 అంటే 9.2కు మొదటి క్యాండిడేట్. 9.1కు సంబంధించినదేమో అనుకునే ప్రమాదం ఉంది, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

ఫైలు పేరు మాత్రం రాబోయే రిలీజు పేరునే పెట్టాలి. క్యాప్స్ అనే మాట, తర్వాత 9.2.0, తర్వాత ఆర్కిటెక్చర్ పేరు, చివర రిప్లైస్ అనే ఎక్స్‌టెన్షన్. లోపల ఉన్న వర్షన్ 9.1.50 అయినా సరే, ఫైలు పేరు 9.2.0. రిలీజు అయ్యేదాకా అదే ఫైలును అప్‌డేట్ చేస్తూ పోతారు, ప్రతిసారీ కొత్త ఫైలు పెట్టరు.

ఇంకో మాట. మీకు కావలసిన ఫీచర్ ఇంకా మెయిలింగ్ లిస్టులో రివ్యూలోనే ఉంటే, ఆ ప్యాచ్ మీరే కలుపుకుని డేటా తీయొద్దు. మెర్జ్ అయ్యేలోపు ఆర్గ్యుమెంట్ పేరు మారొచ్చు, కమాండే మారొచ్చు. మీ మెషీన్‌లో ట్రై చేసుకోవడానికి ఫర్వాలేదు, పంపే ఫైలుకు మాత్రం మెర్జ్ అయిన కమిట్ కావాలి.

బిల్డ్: కాన్ఫిగర్ చివర వచ్చే పట్టికే ముఖ్యం

సోర్స్ ఫోల్డర్‌లోనే కాకుండా పక్కన వేరే బిల్డ్ ఫోల్డర్ చేసుకోండి. అందులోంచి కాన్ఫిగర్ స్క్రిప్టును నడపండి. టార్గెట్ లిస్ట్ ఆప్షన్‌కు మీకు కావలసిన ఒక్క సిస్టమ్ టార్గెట్ ఇస్తే చాలు, ఎక్స్86_64 సాఫ్ట్‌ఎంఎంయూ లాగా. ఏమీ ఇవ్వకపోతే అన్ని ఆర్కిటెక్చర్లూ బిల్డ్ చేస్తూ కూర్చుంటుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. క్యూఎము కాన్ఫిగర్ చాలా మంచిది, తప్పనిసరైనవి తప్ప ఏ లైబ్రరీ లేకపోయినా గొడవ చేయదు. దొరికితే ఆ ఫీచర్ కలుపుతుంది, దొరక్కపోతే నోరు మూసుకుని వదిలేసి ముందుకు పోతుంది. మామూలు వాడకానికి ఇది సుఖమే. మనకు మాత్రం ఇదే కొంప ముంచుతుంది. స్పైస్, యూఎస్‌బీ రీడైరెక్షన్, ఐఓ యూరింగ్, సెక్‌కాంప్, సెఫ్ ఆర్‌బీడీ లాంటి వాటి డెవలప్‌మెంట్ ప్యాకేజీలు మీ మెషీన్‌లో లేకపోతే, వాటికి సంబంధించిన డివైజులు, ఆప్షన్లు బైనరీలోనే ఉండవు. టెస్ట్ డేటాలోనూ ఉండవు. డిఫ్ చూసినవాళ్లు కొత్త క్యూఎములో స్పైస్ తీసేశారా అని ఉలిక్కిపడతారు.

దీనికి మంచి ఉదాహరణ స్లర్ప్. యూజర్ మోడ్ నెట్‌వర్కింగ్ నడిపేది ఆ లైబ్రరీయే. చాలాకాలం అది క్యూఎము సోర్స్‌తో పాటే వచ్చేది. 2022 డిసెంబరులో వచ్చిన 7.2 నుంచి దాన్ని సోర్స్‌లోంచి తీసేశారు, మెషీన్‌లో విడిగా ఉండాలి. అప్పటిదాకా ఏమీ చేయకుండానే పనిచేసిన బిల్డ్ స్క్రిప్టులు 7.2 తర్వాత కూడా ఎర్రర్ లేకుండానే నడిచాయి, బైనరీలోంచి యూజర్ నెట్‌వర్క్ మాత్రం మాయమైంది. ఏ ఒక్క మెసేజీ రాదు, ఏ ఫీచర్ కలిసిందో, ఏది కలవలేదో కాన్ఫిగర్ చివర చూపించే పట్టికలో ఒక ‘ఎస్’ కాస్తా ‘నో’ అవుతుంది, అంతే.

కాబట్టి రెండు పనులు చేయండి. మొదటిది, కాన్ఫిగర్ చివర వచ్చే పట్టికను ఒక ఫైలులోకి సేవ్ చేసుకోండి, పోయినసారి పట్టికతో డిఫ్ చేయండి. రెండోది, మీకు తప్పనిసరిగా కావలసిన ఫీచర్లకు ‘ఎనేబుల్’ ఆప్షన్ ఒక్కోదానికీ ఇవ్వండి. అలా స్పష్టంగా అడిగినప్పుడు లైబ్రరీ లేకపోతే కాన్ఫిగర్ అక్కడే ఆగిపోతుంది. ఆగిపోవడమే మనకు కావాలి. ఆ పొడవాటి కాన్ఫిగర్ లైనును చేత్తో టైప్ చేయకుండా ఒక చిన్న షెల్ స్క్రిప్టులో పెట్టుకోండి.

తర్వాత బిల్డ్ నడిపే టూల్ నింజా. కోర్లు ఎన్ని ఉంటే అంత తొందరగా అవుతుంది. ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు, బిల్డ్ ఫోల్డర్‌లో ఉన్న బైనరీ చాలు. ఇన్‌స్టాల్ చేస్తే పాత్‌లో ఏది ముందుందో, ఏది నడుస్తోందో అనే అనుమానం ఎప్పుడూ పీకుతుంటుంది.

కేవీఎం నిజంగా నడుస్తోందా?

నాకు రెండోసారి వెనక్కి వచ్చింది ఈ కారణంగానే.

లిబ్‌వర్ట్ ఈ ప్రశ్నలు అడగడానికి క్యూఎమును ‘నన్’ అనే మెషీన్ టైపుతో లేపుతుంది, అంటే బోర్డు లేదు, డిస్కు లేదు, ఖాళీ ప్రాసెస్. యాక్సిలరేటర్‌గా కేవీఎం, అది కుదరకపోతే టీసీజీ (సీపీయూను సాఫ్ట్‌వేర్‌తోనే అనుకరించే పద్ధతి) అని చెబుతుంది. ‘కుదరకపోతే’ అనేదే ఇక్కడ సమస్య. కేవీఎం డివైజ్ ఫైలు తెరవడానికి మీ యూజర్‌కు పర్మిషన్ లేకపోయినా, వేరే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ సీపీయూలోని ఆ సదుపాయాన్ని పట్టుకుని కూర్చున్నా, బయోస్‌లో అది ఆఫ్ అయి ఉన్నా, క్యూఎము నిశ్శబ్దంగా టీసీజీకి మారిపోయి జవాబులు చెబుతూనే ఉంటుంది. ఎర్రర్ ఏదైనా ఉంటే ప్రాసెస్ ఎర్రర్ అవుట్‌పుట్‌లోకి పోతుంది, మన ఫైలులోకి రాదు.

నేను పనిచేసిన మెషీన్‌లో నా యూజర్ కేవీఎం గ్రూపులో లేడు. అంతకుముందు రోజు మెషీన్ కొత్తగా ఇన్‌స్టాల్ చేశారు, గ్రూపులో కలపడం ఎవరికీ గుర్తులేదు. ఫైలు వచ్చింది, సైజు మాత్రం కాస్త తక్కువ. నేను పట్టించుకోలేదు. దాన్నుంచి తయారైన ఎక్స్‌ఎంఎల్‌లో కేవీఎం అనే ఫ్లాగే లేదు, కేవీఎం కింద రావలసిన సీపీయూ లైన్లన్నీ పోయాయి.

ఇప్పుడైతే ఫైలు రాగానే ముందు ‘క్వెరీ కేవీఎం’ అనే కమాండ్ కోసం వెతుకుతాను. దాని జవాబులో రెండే విషయాలు ఉంటాయి, ‘ప్రెజెంట్’, ‘ఎనేబుల్డ్’. రెండూ ట్రూ ఉంటే సరే. ప్రెజెంట్ ట్రూ, ఎనేబుల్డ్ ఫాల్స్ ఉంటే, బైనరీలో కేవీఎం ఉంది, నడవడం లేదు అని అర్థం, పర్మిషన్ చూసుకోవాలి. రెండూ ఫాల్స్ అయితే బిల్డ్‌లోనే కలవలేదు, మళ్లీ కాన్ఫిగర్ దగ్గరికి వెళ్లాలి.

వర్చువల్ మెషీన్ లోపల ఇంకో వర్చువల్ మెషీన్‌గా, నెస్టెడ్‌గా తీయొచ్చా అని అడుగుతుంటారు. డేటా వస్తుంది. కానీ అందులో కనబడే సీపీయూ ఫీచర్లు బయటి హైపర్‌వైజర్ చూపించినన్ని మాత్రమే. వేరే దారి ఉంటే వద్దనే నా సలహా.

కొత్తది తీసేముందు పాతదాన్ని మళ్లీ తీయండి

ఈ గైడ్ మొత్తంలో ఒక్క పని మాత్రమే గుర్తుంచుకునే ఓపిక ఉంటే, ఇది గుర్తుంచుకోండి.

కొత్త డేటాకూ రిపాజిటరీలో ఉన్న పాత డేటాకూ డిఫ్ తీస్తే వచ్చే తేడాలు మూడు చోట్ల నుంచి వస్తాయి. క్యూఎము కోడ్ మారడం ఒకటి. బిల్డ్‌లో కలిసిన లైబ్రరీలు మారడం రెండోది. మూడోది మెషీన్: సీపీయూ వేరు, కెర్నెల్ వేరు, మైక్రోకోడ్ వేరు. ప్రతి సీపీయూ మోడల్ కింద ‘అందుబాటులో లేని ఫీచర్లు’ అని ఒక జాబితా ఉంటుంది, అది పూర్తిగా మీ మెషీన్ సీపీయూ మీద ఆధారపడుతుంది. పాత డేటా ఏఎండీ మెషీన్‌లో తీసి, మీరు ఇంటెల్ మెషీన్‌లో తీస్తే ఆ జాబితాలన్నీ తలకిందులవుతాయి. మనకు కావలసింది మొదటి రకం తేడా ఒక్కటే. మూడూ కలిసి వస్తే ఏది దేనివల్లో చెప్పడం ఎవరివల్లా కాదు.

చేయాల్సింది ఇది. పాత ఫైలు తెరవండి. మొదట్లోనే క్యూఎంపీ (క్యూఎముతో మాట్లాడే ప్రోటోకాల్) కేపబిలిటీస్ కమాండ్, వెంటనే క్వెరీ వర్షన్ కమాండ్ ఉంటాయి. దాని జవాబులోని ప్యాకేజ్ ఫీల్డ్ చివర జీ అక్షరం తర్వాత ఉన్నదే కమిట్ ఐడీ, సరిగ్గా రిలీజు ట్యాగ్ నుంచి తీసినదైతే అక్కడ ట్యాగ్ పేరే ఉంటుంది. ఆ కమిట్‌ను గిట్ వర్క్‌ట్రీగా పక్కన తెరవండి, మీ స్క్రిప్టుతోనే బిల్డ్ చేయండి, ఈ రోజు మీ మెషీన్‌లో డేటా తీయండి, రిపాజిటరీలో ఉన్నదానితో డిఫ్ చేయండి.

డిఫ్ ఖాళీగా వస్తే అదృష్టం, మీ మెషీనూ మీ బిల్డూ పాతవాళ్లతో సరిపోయాయి. డివైజులు, ఆప్షన్లు తేడా వస్తే మీ దగ్గర ఏదో లైబ్రరీ తక్కువో ఎక్కువో ఉంది, పట్టికలో చూసి సరిచేసుకోండి. సీపీయూ తేడాలే వస్తే, వీలైతే అలాంటి మెషీన్ వెతకండి. వీల్లేకపోతే ఆ తేడాను విడిగా ఒక కమిట్‌గా పెట్టండి: అదే క్యూఎము, మెషీన్ మాత్రం మారింది అని రాసి. ఆ తర్వాత కొత్త క్యూఎము డేటాను రెండో కమిట్‌గా పెట్టండి. అప్పుడు రెండో డిఫ్‌లో కనబడేదంతా క్యూఎములో వచ్చిన మార్పే. ఒక బిల్డ్ అదనంగా చేయాల్సి వస్తుంది, నిజమే. రివ్యూలో పోయే రోజులతో పోలిస్తే అదెంత?

డేటా తీయడం

లిబ్‌వర్ట్ సోర్స్‌ను క్యూఎము డ్రైవర్ ఎనేబుల్ చేసి మెసన్ అనే బిల్డ్ టూల్‌తో సెటప్ చేయండి, నింజాతో బిల్డ్ చేయండి. ఏ మార్పూ చేయకముందే టెస్టులన్నీ ఒకసారి నడపండి. ముందే ఫెయిల్ అవుతున్న టెస్టు ఏదైనా ఉంటే అది మీ డేటా తప్పు కాదని ఇప్పుడే తేలిపోవాలి.

బిల్డ్ ఫోల్డర్‌లోని టెస్ట్స్ కింద ‘క్యూఎము క్యాప్స్ ప్రోబ్’ అనే చిన్న టూల్ తయారై ఉంటుంది. దానికి ఒకే ఒక్క ఆర్గ్యుమెంట్, మీరు బిల్డ్ చేసిన క్యూఎము బైనరీ పూర్తి పాత్. జవాబులన్నీ స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి వస్తాయి. వాటిని నేరుగా రిపాజిటరీలోని ఫైలు మీదికి మళ్లించకండి. ప్రోబ్ మధ్యలో ఆగిపోతే ఫైలు ఖాళీ అయి కూర్చుంటుంది. ముందు టెంప్ ఫోల్డర్‌లోకి తీసి, చూసుకుని, తర్వాత అక్కడికి కాపీ చేయండి.

ఫైలు కిందికి జరుపుకుంటూ పోతే ఒక చోట ఒక్కో ప్రశ్నకు ఉండే ఐడీలు మళ్లీ లిబ్‌వర్ట్-1 నుంచి మొదలవుతాయి. ఫైలు పాడైందేమో, రెండుసార్లు కాపీ అయిందేమో అని కంగారు పడొద్దు. కేవీఎం దొరికినప్పుడు లిబ్‌వర్ట్ అదే బైనరీని రెండోసారి టీసీజీతో మాత్రమే లేపి, సీపీయూలకు సంబంధించిన ప్రశ్నలు మళ్లీ అడుగుతుంది. రెండు సంభాషణలూ ఒకే ఫైలులో ఉంటాయి. నిజానికి ఈ రెండో భాగం లేకపోతేనే అనుమానించాలి.

ఈ ఫైలును చేత్తో ఎప్పుడూ దిద్దొద్దు. ఒక్క డివైజ్ ఎక్కువ ఉంటే చాలు, టెస్టు రాసేసుకుంటాను అని చేయి లాగుతుంది. ఒకసారి దిద్దితే అది టేపు కాదు, కల్పన. పైగా రేపు ఇంకొకరు మళ్లీ తీసినప్పుడు మీ దిద్దుబాటు మాయమై, వాళ్లు తలపట్టుకుంటారు.

మిగతా ఫైళ్లను రీజెనరేట్ చేయడం

రిప్లైస్ ఫైలు పెట్టగానే దాని జంటగా ఒక ఎక్స్‌ఎంఎల్ కావాలి. జవాబులు చదివి లిబ్‌వర్ట్ ఏమేం అర్థం చేసుకుందో అందులో ఉంటుంది. దీన్నీ చేత్తో రాయరు. లిబ్‌వర్ట్ టెస్టులకు ‘వీఐఆర్ టెస్ట్ రీజెనరేట్ అవుట్‌పుట్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. దాని విలువ 1 చేసి క్యూఎము కేపబిలిటీస్ టెస్టును నడిపితే ఎక్స్‌ఎంఎల్ తయారవుతుంది. ఆ నడకలో టెస్టు ఫెయిల్ అయినట్టు చూపించినా పట్టించుకోకండి, వేరియబుల్ తీసేసి మళ్లీ నడిపినప్పుడు పాసవ్వాలి.

ఎక్స్‌ఎంఎల్‌లో వర్షన్ ఒకే అంకెగా ఉంటుంది. 9.1.50 అంటే 9001050. మేజర్‌ను పది లక్షలతో, మైనర్‌ను వెయ్యితో గుణించి, చివరి అంకె కలిపితే వచ్చేది. మొదట ఆ అంకె, తర్వాత ప్యాకేజ్, తర్వాత కేవీఎం ఫ్లాగ్, ఈ మూడూ చూసి ముందుకు వెళ్లండి.

ఆ తర్వాత డొమైన్ కేపబిలిటీస్ టెస్టు. దాని తర్వాత అసలు పెద్దది, గెస్ట్ (వర్చువల్ మెషీన్) వివరాలున్న ఎక్స్‌ఎంఎల్ నుంచి క్యూఎము కమాండ్ లైను తయారు చేసి సరిచూసే టెస్టు. అందులో చాలా కేసులు ‘లేటెస్ట్’ అని రాసుకుని ఉంటాయి. లేటెస్ట్ అంటే ఆ ఆర్కిటెక్చర్‌కు ఫోల్డర్‌లో ఉన్నవాటిలో అన్నిటికంటే కొత్త డేటా. మీరు కొత్త ఫైలు పెట్టిన క్షణం నుంచి ఆ కేసులన్నీ మీ ఫైలు మీద నడుస్తాయి. అందుకే ఒక్క ఫైలు పెడితే సంబంధం లేదనిపించే చోట పదుల ఫైళ్లు మారడం మామూలే.

ఇక్కడ వేరియబుల్ పెట్టి మొత్తం సూట్‌ను ఒకేసారి రీజెనరేట్ చేయాలనిపిస్తుంది. చేయొద్దు. ముందు వేరియబుల్ లేకుండా నడపండి, ఏవి ఫెయిల్ అవుతున్నాయో రాసుకోండి, ఒక్కోదానికి కారణం తెలిశాకే రీజెనరేట్ చేయండి. కారణం తెలియకుండా అవుట్‌పుట్ మారిస్తే, బగ్‌ను తీసుకెళ్లి ‘సరైన జవాబు’ గడిలో రాసినట్టే.

కొత్త క్యూఎములో ఏదైనా డివైజ్ తీసేసి ఉంటే దానికి సంబంధించిన లేటెస్ట్ కేసు ఫెయిల్ అవుతుంది. ఆ కేసును చెరపకండి, ఆ డివైజ్ ఉన్న చివరి వర్షన్‌కు కట్టేయండి. వర్షన్ పేరు చెప్పి టెస్టు నడిపే మ్యాక్రో పక్కనే ఉంటుంది. పాత క్యూఎము వాడేవాళ్లు ఇంకా ఉంటారు.

ఇంకో రకం ఫెయిల్యూర్ ఉంది, అది వస్తే నాకు సంతోషమే. లిబ్‌వర్ట్ పంపే కమాండ్లను టెస్టులు క్యూఎము స్కీమాతో, అంటే దానికి తెలిసిన కమాండ్లు, ఆర్గ్యుమెంట్ల జాబితాతో పోల్చి చూస్తాయి. మనం వాడుతున్న కమాండ్‌నో ఆర్గ్యుమెంట్‌నో కొత్త క్యూఎము ‘డెప్రికేటెడ్’ (ముందు ముందు తీసేస్తాం) అని గుర్తు పెడితే టెస్టు ఆగిపోతుంది. క్యూఎము పద్ధతి ప్రకారం అలా గుర్తు పెట్టిన రిలీజులో, ఆ తర్వాతి ఒక్క రిలీజులో మాత్రమే అది ఉంటుందన్న హామీ. అంటే లిబ్‌వర్ట్ కోడ్ మార్చుకోవడానికి మనకు సుమారు ఎనిమిది నెలలు. డెవలప్‌మెంట్ దశలోనే డేటా తీయమని మొదట్లో చెప్పింది ఇందుకే.

డిఫ్ చదవడం

రిప్లైస్ ఫైలు మీద గిట్ డిఫ్ తీస్తే వేల లైన్లు ఎర్రగా, పచ్చగా పారతాయి. చూడగానే టెన్షన్ వస్తుంది. ఇందులో ఎక్కువ భాగం ఒట్టి నంబర్లే.

కారణం తెలిస్తే భయం పోతుంది. ‘క్వెరీ క్యూఎంపీ స్కీమా’ అనే కమాండ్ క్యూఎముకు తెలిసిన కమాండ్లు, వాటి ఆర్గ్యుమెంట్ల టైపులు అన్నీ చెబుతుంది. టైపుల అసలు పేర్లు మాత్రం దాచేసి, వాటి స్థానంలో 1, 2, 3 అని వరస నంబర్లు ఇస్తుంది. ఆ పేర్ల మీద ఎవరూ ఆధారపడకూడదని కావాలనే చేశారు. మధ్యలో ఒక్క కొత్త టైపు దూరితే దాని వెనక ఉన్నవాటి నంబర్లన్నీ ఒకటి జరుగుతాయి. మారింది ఒక్క ఆర్గ్యుమెంట్, డిఫ్‌లో కదిలింది వెయ్యి లైన్లు.

దీన్ని కళ్లతో చదివే ప్రయత్నం చేయకండి. లిబ్‌వర్ట్ సోర్స్‌లోని స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ‘క్యూఎము రిప్లైస్ టూల్’ అనే పైథాన్ స్క్రిప్టు ఉంది. డంప్ ఆప్షన్ ఇస్తే స్కీమాను నంబర్లు లేకుండా, ఏ కమాండ్‌కు ఏ ఆర్గ్యుమెంట్ అని విడదీసి లైన్లుగా రాస్తుంది. డివైజుల పేర్లు, వాటి ప్రాపర్టీలు కూడా అలాగే తీస్తుంది. పాత ఫైలుకు ఒకసారి, కొత్త ఫైలుకు ఒకసారి డంప్ తీసి ఆ రెంటినీ డిఫ్ చేయండి. వేల లైన్లు కాస్తా చదవగలిగే పేజీలకు దిగుతాయి.

అందులో నేను ముందు చూసేది తీసివేతలు. కొత్తగా వచ్చినవి ఎవరినీ బాధపెట్టవు, పోయినవే బాధపెడతాయి. పోయిన ప్రతిదానికీ క్యూఎము డాక్యుమెంటేషన్‌లోని ‘తీసేసిన ఫీచర్లు’ పేజీలో ఆధారం ఉండాలి. లేకపోతే తొంభై శాతం అది మీ బిల్డ్ లోపం, లైబ్రరీల పట్టిక మళ్లీ తిరగేయండి. కొత్తవాటిలో ‘అన్‌స్టేబుల్’ అని గుర్తున్నవి ప్రయోగ దశలో ఉన్నవి, వాటి మీద కోడ్ రాయడానికి తొందరపడొద్దు.

ఫైలులో ఉన్న మరో సంగతి కూడా తెలుసుకోండి. హోస్ట్ సీపీయూ వివరాల్లో మీ ప్రాసెసర్ మోడల్ పేరు అక్షరాలా ఉంటుంది. ఇంకా బయటికి రాని హార్డ్‌వేర్ మీద పనిచేస్తుంటే పంపేముందు మీ ఆఫీసులో అడగండి.

కమిట్ మెసేజ్‌లో మూడు విషయాలు రాస్తే చాలు. క్యూఎము కమిట్ పూర్తి స్ట్రింగ్, మెషీన్ సీపీయూ, చెప్పుకోదగ్గ మార్పులు. నంబర్లు మారాయి, సీపీయూ ఫీచర్లు పెరిగాయి అని ఒకే మాటలో తేల్చకుండా, ఏ డివైజ్ వచ్చింది, ఏది పోయింది అని పేర్లతో రాయండి.

వేరే ఆర్కిటెక్చర్లు

ఎక్స్86 మెషీన్ మీద కూర్చుని ఆర్మ్ 64 బిట్ టార్గెట్ బిల్డ్ చేయొచ్చు, ప్రోబ్ కూడా నడుస్తుంది. వచ్చేది మాత్రం టీసీజీ డేటా. కేవీఎం డేటా కావాలంటే అదే ఆర్కిటెక్చర్ మెషీన్ ఉండాలి. ముఖ్యంగా ఆర్మ్‌లో ఇంటరప్ట్ కంట్రోలర్ ఏ వర్షన్ దొరుకుతుందనేది కేవీఎం ఉంటేనే సరిగ్గా తెలుస్తుంది. ఎస్390ఎక్స్ (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్) మెషీన్ దొరకడం కష్టం, అది ఉన్నవాళ్లను అడిగి తీయించుకోవడమే దారి. మీ స్క్రిప్టు వాళ్లకు పంపితే పని తేలిక.

ఒకే ఆర్కిటెక్చర్‌లో వేరే రకం హోస్ట్ అయితే, ఉదాహరణకు మ్యాక్ మీద యాపిల్ సొంత వర్చువలైజేషన్ సదుపాయమైన హెచ్‌వీఎఫ్‌తో తీసినదైతే, ఆర్కిటెక్చర్ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఆ రకం పేరు చేరుస్తారు. మామూలు ఫైలు మీద దాన్ని రాసేయకూడదు.

రిలీజైన రోజు

ట్యాగ్ పడ్డాక ఆ ట్యాగ్‌ను చెకౌట్ చేసి, అదే స్క్రిప్టుతో బిల్డ్ చేసి చివరిసారి తీయండి. మన ఉదాహరణలో ఎక్స్‌ఎంఎల్‌లో వర్షన్ ఇప్పుడు 9002000 కావాలి. చివరి క్యాండిడేట్ నుంచి తీసిన డేటా ఉంటే తేడా దాదాపు వర్షన్ లైన్లలోనే ఉంటుంది. అంతకుమించి ఏదైనా కనబడితే ముందు మీ మెషీన్‌లో కెర్నెల్ అప్‌డేట్ అయిందేమో చూడండి, నాకు ఎక్కువసార్లు అదే తేలింది.

ఈ ఫైలును ఇక ముట్టుకోరు. గిట్‌లో వర్షన్ ఫైలు 9.2.50కి మారగానే తర్వాతి పేరుతో కొత్త ఫైలు మొదలవుతుంది. ట్యాగ్ నుంచి చేసిన బిల్డ్ ఫోల్డర్‌ను, దాని కాన్ఫిగర్ పట్టికను మాత్రం చెరిపేయకండి. కొత్త ఫైలు తీసేముందు మళ్లీ తీసి చూసుకోవాల్సిన పాతది అదే.